కుక్కలు, పిల్లుల చర్మం, చెవి జబ్బులు: ముందు కారణం, తర్వాత మందు

పెంపుడు కుక్కల్నీ పిల్లుల్నీ పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాల్సిన అవసరం ఎక్కువగా చర్మం జబ్బుల వల్ల, చెవి జబ్బుల వల్ల వస్తుంది. కుక్క కూర్చున్న చోటే వెనక కాలితో గోక్కుంటూ ఉంటుంది. పిల్లి పొట్ట మీద బొచ్చు ఊడిపోయేదాకా నాకుతుంది. తోక మొదట్లో చర్మం బయటపడుతుంది. చెవి నుంచి వాసన వస్తుంది. ఇంట్లోవాళ్లు చూసి "గజ్జి పట్టింది" అనుకుంటారు. మెడికల్ షాపు నుంచి ఏదో ఒక ఆయింట్‌మెంట్ తెచ్చి పూస్తారు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఈసారి ఇంకాస్త ఎక్కువగా.

ఇలా ఎందుకు జరుగుతుంది? దురద అనేది జబ్బు పేరు కాదు, లక్షణం. దాని వెనక పురుగులు ఉండవచ్చు. కంటికి కనిపించని చిన్న జీవులు ఉండవచ్చు. ఫంగస్ ఉండవచ్చు. చీము పట్టించే బాక్టీరియా ఉండవచ్చు. ఒంటికి పడని తిండి, ఒంటికి పడని దుమ్ము ఉండవచ్చు. పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఎర్రటి చర్మం, ఊడిన బొచ్చు, గోళ్ల గాట్లు. కానీ ఒక్కోదానికి మందు వేరు. ఒకదాన్ని తగ్గించే మందు ఇంకోదాన్ని ముదరబెడుతుంది. అందుకే ఈ ప్రసంగంలో మళ్లీ మళ్లీ వినిపించే మాట ఒక్కటే. ముందు కారణం తెలియాలి. ఆ తర్వాతే మందు.

చర్మం సంగతి మొదట చూద్దాం. మనిషి చర్మం పైపొరలో కణాలు పది, పదిహేను వరసల దాకా ఉంటాయి. కుక్కకు మూడు నుంచి ఐదు వరసలే. పైన బొచ్చు ఒత్తుగా ఉండటం వల్ల, కింద చర్మం ఎంత పల్చనో తెలియదు. ఇంకో తేడా కూడా ఉంది. మనిషి చర్మానికి ఆమ్ల గుణం ఎక్కువ. కుక్క చర్మానికి తక్కువ. మనం ఒంటికి రుద్దుకునే సబ్బు, తలకు పెట్టుకునే షాంపూ మన చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవి కుక్క చర్మం మీదున్న సన్నటి నూనె పొరను కడిగేస్తాయి. చర్మం పొడిబారుతుంది. పొలుసులు రాలతాయి. దురద మొదలవుతుంది. కాబట్టి కుక్కకు కుక్కల షాంపూ, పిల్లికి పిల్లుల షాంపూ వాడాలి.

ఇక కారణాల్లోకి వెళ్దాం. అన్నిటికంటే ముందు వెతకవలసింది ఫ్లీ పురుగుల్ని. ఇవి రెండు మూడు మిల్లీమీటర్లు ఉండే గోధుమరంగు పురుగులు. రెక్కలు ఉండవు. కానీ ఎంతో దూరం దూకుతాయి. రక్తం తాగి బతుకుతాయి. పిల్లి ఫ్లీ అని పేరున్న జాతే కుక్కల మీద కూడా ఎక్కువగా కనిపిస్తుంది. ఫ్లీ కుట్టినప్పుడు దాని లాలాజలం చర్మంలోకి దిగుతుంది. కొన్ని జంతువులకు ఆ లాలాజలం పడదు. అలాంటివాటికి నాలుగైదు ఫ్లీలు కుట్టినా చాలు, రోజుల తరబడి దురద వదలదు. కుక్కల్లో ఈ దురద నడుము వెనక భాగాన, తోక మొదట్లో, తొడల వెనక ఎక్కువగా ఉంటుంది. పిల్లుల్లో మెడ చుట్టూ, వీపు మీద చిన్న చిన్న పక్కులు చేతికి తగులుతాయి. పిల్లి ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకుంటుంది కాబట్టి పురుగు కంటపడకపోవచ్చు. కనపడలేదని లేనట్టు కాదు.

ఫ్లీలు ఉన్నాయో లేవో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఒకటి ఉంది. జాగ్రత్తగా వినండి. నేల మీద తెల్ల గుడ్డ పరవండి. దాని మీద కుక్కను నిలబెట్టండి. పేల దువ్వెనతో నడుము నుంచి తోక మొదటి దాకా దువ్వండి. గుడ్డ మీద నల్లటి పొడి రాలవచ్చు. ఆ పొడిని తడి దూది మీద వేసి ఒక నిమిషం ఆగండి. నల్లటి చుక్క చుట్టూ ఎర్రటి మరక కనిపిస్తే అది ఫ్లీ విసర్జించిన మలం. ఆ ఎరుపు ఆ కుక్క రక్తమే. మరక రాకపోతే అది వట్టి మట్టి. దూది, దువ్వెన, తెల్ల గుడ్డ. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఫ్లీల విషయంలో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ఒంటి మీద తిరిగే పెద్ద పురుగులు మొత్తంలో సుమారు 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లుగా, లార్వాలుగా, గూళ్లలోని ప్యూపాలుగా ఇంట్లోనే ఉంటాయి. ఒక ఆడ ఫ్లీ రోజుకు 40 గుడ్ల దాకా పెట్టగలదు. ఆ గుడ్లు ఒంటికి అంటుకోవు. కుక్క పడుకున్న చోట, చాప కింద, సోఫా సందుల్లో రాలిపోతాయి. ప్యూపా తన గూట్లో నెలల తరబడి ఆగి ఉండగలదు. కుక్కకు ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే రెండు మూడు వారాల్లో మళ్లీ పురుగులు పడతాయి. అందుకే ఇంట్లో ఉన్న కుక్కలకూ పిల్లులకూ అన్నిటికీ ఒకేసారి మందు వేయాలి. దేనికి తగిన మందు దానికి వేయాలి. అవి పడుకునే గుడ్డల్ని వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. మూలలు, సందులు వారానికి రెండు మూడుసార్లు ఊడవాలి. డాక్టరు చెప్పినన్ని నెలలు మందు కొనసాగించాలి. ఇంకో మాట. ఫ్లీని మింగిన కుక్కకూ పిల్లికీ బద్దె పురుగు కూడా రావచ్చు. మలద్వారం దగ్గర బియ్యం గింజల్లాంటివి కనిపిస్తే ఆ మందు కూడా అడగాలి.

ఫ్లీల తర్వాత పిడుదులు. కొన్ని ఊళ్లలో వీటినే గోమార్లు అంటారు. మన వేడి వాతావరణంలో ఇవి ఏడాది పొడుగునా ఉంటాయి. చెవి లోపల, మెడపట్టీ కింద, కాలి వేళ్ల సందుల్లో, తోక కింద అంటుకుని రక్తం తాగుతాయి. కడుపు నిండిన ఆడ పిడుదు రాలిపోయి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. పిడుదుతో వచ్చే దురద చిన్న విషయం. అది మోసుకొచ్చే జబ్బులు పెద్దవి. ఎర్లీకియా, బబీసియా అనే సూక్ష్మజీవులు పిడుదు కాటుతోనే కుక్క రక్తంలోకి చేరతాయి. పిడుదులు పట్టిన కుక్కకు జ్వరం వచ్చినా, తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆలస్యం చేయకూడదు. అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

అంటుకున్న పిడుదును తీయడానికి పట్టకారు వాడాలి. పొట్ట దగ్గర కాకుండా, చర్మానికి ఆనుకుని తల దగ్గర పట్టుకోవాలి. తిప్పకుండా, కుదపకుండా, నిదానంగా నిటారుగా లాగాలి. తీసిన పిడుదును స్పిరిట్ ఉన్న సీసాలో వేయాలి. వేళ్లతో నలపకూడదు. అగ్గిపుల్లతో కాల్చకూడదు. కిరసనాయిలు పోయకూడదు. చివర్లో చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఫ్లీలు, పిడుదులు కంటికి కనిపించే పురుగులు, అవి మొదటి కారణం. రెండో కారణం కంటికి కనిపించని చిన్న జీవులు. వీటిని మైట్లు అంటారు. గజ్జి అని జనం పిలిచే జబ్బుల్లో రెండు వేర్వేరు మైట్లు ఉన్నాయి. ఈ రెంటినీ విడిగా గుర్తు పెట్టుకోవాలి.

మొదటిది సార్కోప్టిస్. ఇది చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. దురద భరించలేనంతగా ఉంటుంది. కుక్క రాత్రింబవళ్లు గోక్కుంటుంది. చెవి డొప్పల అంచులు, మోచేతులు, మడమలు, పొట్ట కింది భాగం పక్కు కడతాయి. చెవి అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని రుద్దితే, చాలా కుక్కలు వెనక కాలిని గాలిలోనే గోకుతున్నట్టు ఆడిస్తాయి. డాక్టర్లు దీన్ని ఒక ఆనవాలుగా చూస్తారు. ఈ జబ్బు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు తేలిగ్గా అంటుకుంటుంది. ఎత్తుకుని ముద్దు చేసిన మనుషుల చేతుల మీద, పొట్ట మీద కూడా ఎర్రటి దద్దుర్లు వస్తాయి. కుక్కకు సరైన మందు పడితే మనుషుల దద్దుర్లు కూడా తగ్గిపోతాయి. పిల్లుల్లో దీనికి దగ్గరి చుట్టమైన ఇంకో మైటు చెవి అంచుల నుంచి మొదలై ముఖమంతా పక్కు కట్టిస్తుంది.

రెండోది డెమోడెక్స్. ఇది వెంట్రుక కుదుళ్లలో ఉంటుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లోనే తల్లి నుంచి పిల్లకు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో కూడా కొద్దిగా ఉంటుంది. ఏ హానీ చేయదు. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినప్పుడు పెరిగిపోతుంది. కళ్ల చుట్టూ, మూతి మీద, ముందు కాళ్ల మీద బొచ్చు ఊడుతుంది. మొదట్లో దురద ఉండదు, ఉన్నా తక్కువ. ఆ తర్వాత ఇది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకోదు. మనుషులకు రాదు. కానీ దీనికి స్టీరాయిడ్ ఇస్తే ముప్పు. స్టీరాయిడ్ ఒంటి రక్షణ శక్తిని ఇంకా తగ్గిస్తుంది. చిన్న మచ్చగా ఉన్న జబ్బు ఒళ్లంతా పాకుతుంది. చూశారా? రెండూ మైట్లే. ఒకటి అంటుకుంటుంది, ఒకటి అంటుకోదు. ఈ తేడా కంటితో తేలదు. బ్లేడుతో చర్మాన్ని మెల్లగా గీకి, మైక్రోస్కోపు కింద చూస్తేనే తేలుతుంది. ముందు కారణం, తర్వాత మందు అనేది అందుకే.

మూడో కారణం తామర. ఇది ఫంగస్. కుక్కల్లో, పిల్లుల్లో ఎక్కువగా దీన్ని తెచ్చేది మైక్రోస్పోరమ్ కేనిస్ అనే ఫంగస్. పిల్లిపిల్లల్లో, పొడుగు బొచ్చున్న పర్షియన్ పిల్లుల్లో తరచుగా కనిపిస్తుంది. గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చ, దాని మీద బూడిద రంగు పొలుసు, చుట్టూ విరిగిన వెంట్రుకలు. దురద ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కొన్ని పిల్లులకు ఒక్క మచ్చ కూడా ఉండదు. కానీ వాటి బొచ్చులో ఫంగస్ ఉంటుంది. ఇంట్లో పిల్లల మెడ మీద, చేతుల మీద తామర తరచుగా వస్తుంటే, ఇంట్లో పిల్లిని కూడా పరీక్ష చేయించాలి. డాక్టర్లు ఊదారంగు కాంతినిచ్చే దీపం కింద బొచ్చును చూస్తారు. ఈ ఫంగస్ సోకిన వెంట్రుకలు చాలాసార్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. మెరవనంత మాత్రాన తామర లేదని చెప్పలేరు. అప్పుడు వెంట్రుకల్ని ల్యాబుకు పంపుతారు. ఫంగస్ బీజాలు రాలిన వెంట్రుకల్లో ఏడాదికి పైగా బతికి ఉండగలవు. కాబట్టి మందుతో పాటు ఇంటి శుభ్రం కూడా వైద్యంలో భాగమే. రాలిన బొచ్చును రోజూ తీసేయాలి.

నాలుగోది చీము పొక్కులు. కుక్క చర్మం మీద స్టెఫిలోకోకస్ జాతి బాక్టీరియా మామూలుగానే ఉంటుంది. చర్మం దెబ్బతిన్నప్పుడు అదే లోపలికి చొరబడుతుంది. పొట్ట మీద, గజ్జల్లో చిన్న చీము పొక్కులు లేస్తాయి. అవి చిట్లి, గుండ్రటి పొలుసు అంచు మిగులుతుంది. ఈ గుండ్రటి మచ్చను చూసి చాలామంది తామర అని పొరబడతారు. వానాకాలంలో, కోస్తా ఉక్కపోతలో ఒత్తు బొచ్చున్న కుక్కలకు ఇంకో బెడద వస్తుంది. స్నానం తర్వాత బొచ్చు ఆరకపోతే, ఏదో ఒకచోట దురద మొదలవుతుంది. కుక్క అక్కడే కొరుకుతుంది. కొన్ని గంటల్లోనే అరచేయంత పుండు పడి రసి కారుతుంది. అలాంటప్పుడు చుట్టూ బొచ్చు కత్తిరించి గాలి తగిలేలా చేయాలి. పుండు మీద పొడులు చల్లి బిగించకూడదు. యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు డాక్టరు చెప్పిన రోజులన్నీ వాడాలి. మధ్యలో ఆపితే బాక్టీరియా ఆ మందుకు అలవాటు పడుతుంది. తర్వాత అదే మందు పనిచేయదు.

బాక్టీరియాతో పాటు మలసీజియా అనే ఈస్టు కూడా ఉంటుంది. ఇది పెరిగితే చర్మం జిడ్డుగా మారుతుంది. మక్కిన వాసన వస్తుంది. మెడ కింద, చంకల్లో, వేళ్ల మధ్య చర్మం మందంగా, నల్లగా అవుతుంది.

ఈ బాక్టీరియా, ఈ ఈస్టు మళ్లీ మళ్లీ వస్తుంటే, వాటి వెనక ఇంకో కారణం దాగి ఉందని అర్థం. చాలాసార్లు ఆ కారణం ఎలర్జీ. ఇది ఐదో కారణం. ఇంటి దుమ్ములో ఉండే మైట్లు, పుప్పొడి, బూజు కొన్ని కుక్కలకు పడవు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, పగ్ జాతుల్లో ఇది ఎక్కువ. సాధారణంగా మూడేళ్ల లోపు వయసులోనే మొదలవుతుంది. కుక్క కాళ్ల పంజాలు నాకుతూ ఉంటుంది. తెల్ల బొచ్చైతే ఉమ్ము వల్ల ఎరుపెక్కుతుంది. పొట్ట, చంకలు, చెవులు ఎర్రబడతాయి. కొన్నిటికి తిండే పడదు. చికెన్, పాలు, గొడ్డు మాంసం లాంటి, రోజూ తినే మాంసకృత్తులే కారణం కావచ్చు. తిండి ఎలర్జీని తేల్చడానికి నమ్మకమైన దారి ఒకటే. ఇంతవరకు తినని మాంసకృత్తులతో, కనీసం 8 వారాలు అదే తిండి పెట్టాలి. ఆ 8 వారాల్లో బిస్కెట్ ముక్క కూడా పెట్టకూడదు. దురద తగ్గిన తర్వాత పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. దురద తిరిగి వస్తే కారణం దొరికినట్టే. దుమ్ము, పుప్పొడి ఎలర్జీ పూర్తిగా పోదు. అదుపులో ఉంటుంది. దానికి ఒక్లాసిటినిబ్ లాంటి మందులు వచ్చాయి. డాక్టరు చూసి, మోతాదు చెప్పి ఇవ్వాల్సిన మందులవి.

దురద లేకుండా రెండు పక్కలా సమానంగా బొచ్చు ఊడుతుంటే అది వేరే దారి. కుక్క తినేది అంతే ఉన్నా లావెక్కుతూ, మందకొడిగా ఉంటే థైరాయిడ్ చూడాలి. నీళ్లు ఎక్కువ తాగుతూ, పొట్ట జారుతుంటే అడ్రినల్ గ్రంథి చూడాలి. ఇక్కడ పైపూత మందు ఏమీ చేయలేదు. రక్తపరీక్ష కావాలి.

ఇప్పుడు చెవుల దగ్గరికి వద్దాం. కుక్క చెవి, పిల్లి చెవి మన చెవిలా తిన్నగా లోపలికి పోదు. రంధ్రం ముందు కిందికి దిగుతుంది. తర్వాత ఒక్కసారిగా వంపు తిరిగి పక్కకు వెళ్తుంది. ఆ చివర కర్ణభేరి ఉంటుంది. వంటింటి తొట్టి కింద ఉండే వంపు పైపును తలచుకోండి. పైన పోసినవన్నీ పోవు. మెతుకులు, మడ్డి ఆ వంపులోనే చేరతాయి. చెవిలో కూడా గులిమి, తేమ, మురికి ఆ వంపులోనే నిలుస్తాయి. చెవి డొప్ప వేలాడే కాకర్ స్పానియల్, లాబ్రడార్ లాంటి జాతుల్లో గాలి కూడా ఆడదు. వెచ్చగా, తడిగా ఉన్న ఆ చోట ఈస్టు, బాక్టీరియా పెరుగుతాయి.

చెవి జబ్బు గుర్తులు తేలిక. తల విదిలించడం. చెవి గోకడం. ఒక పక్క ముఖాన్ని నేలకేసి రుద్దడం. వాసన. గోధుమరంగు మడ్డి లేదా పసుపు చీము. చెవి ముట్టుకుంటే మూలగడం. ఈ గుర్తులు కనిపిస్తే చుక్కల మందు కొనుక్కొచ్చే ముందు కారణం చూడాలి. చెవిలోనూ కారణాలు వేర్వేరు.

పిల్లుల్లో, ముఖ్యంగా పిల్లిపిల్లల్లో, చెవి మైట్లు ఎక్కువ. చెవిలో పొడిపొడిగా, కాఫీ పొడి లాంటి నల్లటి మడ్డి చేరుతుంది. ఆ మడ్డిని కొంచెం నల్ల కాగితం మీద పెట్టి, భూతద్దంతో చూస్తే సన్నటి తెల్ల చుక్కలు మెల్లగా కదులుతుంటాయి. అవే మైట్లు. వాటి జీవిత చక్రం సుమారు 3 వారాలు. ఒకరోజు చుక్కలు వేసి ఆపేస్తే గుడ్లలోంచి కొత్తవి వస్తాయి. ఇంట్లో ఉన్న పిల్లులకూ కుక్కలకూ అన్నిటికీ వైద్యం చేయాలి. కుక్కల్లో మాత్రం చెవి జబ్బు మూలం చాలాసార్లు ఎలర్జీయే. అది అదుపు కాకుండా చెవిలో ఎన్ని చుక్కలు వేసినా జబ్బు తిరిగి వస్తుంది. పచ్చిక బయళ్లలో తిరిగే కుక్క చెవిలోకి గడ్డి ముల్లు దూరవచ్చు. ఉన్నట్టుండి ఒక్క చెవినే విదిలిస్తుంటే దాన్ని అనుమానించాలి.

చెవి శుభ్రం చేసే పద్ధతి ఇది. డాక్టరు చూసి కర్ణభేరి బాగుందని చెప్పిన తర్వాతే చేయాలి. చెవి డొప్పను పైకి పట్టుకోవాలి. చెవులకని అమ్మే ద్రావణాన్ని గోరువెచ్చగా చేసి రంధ్రం నిండా పోయాలి. చెవి మొదట్లో మెత్తటి గొట్టం చేతికి తగులుతుంది. దాన్ని అర నిమిషం మెల్లగా పిసకాలి. లోపల ద్రావణం కదిలే చప్పుడు వినిపిస్తుంది. తర్వాత వదిలేస్తే కుక్క తల విదిలిస్తుంది. వంపులో ఉన్న మురికి పైకి వస్తుంది. పైకి వచ్చినదాన్ని వేలికి చుట్టిన దూదితో తుడవాలి. వేలు ఎంత దూరం పోతుందో అంతవరకే. పుల్లకు దూది చుట్టి లోపలికి పెట్టకూడదు. అది మురికిని వంపులోకి ఇంకా తోస్తుంది. కొబ్బరినూనె, వేడి చేసిన నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయకూడదు. కర్ణభేరికి రంధ్రం ఉంటే కొన్ని చెవి మందులే వినికిడిని పోగొట్టగలవు. అందుకే పాత సీసాలో మిగిలిన చుక్కలు వేయడం ప్రమాదం.

చెవి జబ్బును నిర్లక్ష్యం చేస్తే మూడు చిక్కులు వస్తాయి. ఒకటి, తల అదేపనిగా విదిలించడం వల్ల చెవి డొప్పలో రక్తనాళం చిట్లి, డొప్ప ఉబ్బుతుంది. దాన్ని ఇంట్లో సూదితో పొడవకూడదు. రెండు, జబ్బు లోపలి చెవికి పాకుతుంది. తల ఒక పక్కకు వాలుతుంది. కుక్క గుండ్రంగా తిరుగుతుంది, పడిపోతుంది. ఇది అత్యవసరం. మూడు, ఏళ్ల తరబడి సాగితే చెవి గొట్టం మందమై మూసుకుపోతుంది. అప్పుడు ఆ గొట్టాన్నే ఆపరేషన్ చేసి తీసేయాల్సి వస్తుంది.

వీధి కుక్కల్లో, ఆరుబయట ఉండే కుక్కల్లో ఇంకో బాధ చూస్తుంటాం. చెవి పుండు మీద ఈగలు గుడ్లు పెడతాయి. ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. జాలిపడి కొందరు కిరసనాయిలు, ఫినాయిల్ పోస్తారు. అవి మాంసాన్ని కాలుస్తాయి. నాకితే లోపలికి పోయి విషమవుతాయి. పురుగుల్ని డాక్టరు తీసి, గాయం కడిగి, మందు ఇవ్వాలి. నొప్పితో ఉన్న కుక్క కరుస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. కరిచినా గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

తెల్ల చెవులున్న పిల్లుల గురించి కూడా ఒక మాట. ఎండ ఎక్కువగా తగిలితే వాటి చెవి కొనల మీద మానని పుండు పడవచ్చు. అది చర్మం కాన్సర్ కావచ్చు. తొందరగా చూపిస్తే ఆ కొనను తీసేసి పిల్లిని కాపాడవచ్చు.

ఇప్పుడు ప్రాణం తీసే పొరపాట్ల సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం. కుక్కల కోసం అమ్మే కొన్ని పురుగుమందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది. పిల్లి కాలేయానికి దాన్ని విచ్ఛిన్నం చేసే తగినంత శక్తి లేదు. పిల్లికి వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. కుక్క మందు పిల్లికి వేయొద్దు. మళ్లీ చెబుతున్న మాట. కుక్క మందు పిల్లికి వేయొద్దు. పశువుల మీద పిచికారీ చేసే మందు కూడా ఇలాంటిదే. అలాగే ఐవర్‌మెక్టిన్. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఒక జన్యువులో లోపం ఉంటుంది. ఆ లోపమున్న కుక్కకు పెద్ద మోతాదు ఐవర్‌మెక్టిన్ మెదడులోకి చేరి, స్పృహ తప్పిస్తుంది. గొర్రెలకు తెచ్చిన సీసాలోంచి అంచనాగా తీసి కుక్కకు ఇవ్వకూడదు.

మనుషుల ఆయింట్‌మెంట్లు కూడా అంతే. చాలావాటిలో స్టీరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. దురద తగ్గినట్టు అనిపిస్తుంది. లోపల తామర పాకుతుంది. పైగా కుక్క, పిల్లి పూసినదాన్ని నాకి మింగుతాయి. వాడేసిన ఇంజను ఆయిలు పూయడం కొన్ని ఊళ్లలో అలవాటు. అది కూడా కడుపులోకి పోయే విషమే. టీ ట్రీ ఆయిల్, కలరా ఉండలు కూడా హానికరమే. పిల్లికి పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు. అది చంపుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు చిన్న తయారీ ఉండాలి. రెండు మూడు రోజుల ముందు నుంచి స్నానం చేయించకూడదు, మందు పూయకూడదు. గుర్తులు చెరిగిపోతాయి. దురద ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలైంది, ఏ నెలల్లో ఎక్కువ, ఏం తింటుంది, ఇంట్లో ఇంకెవరికైనా దద్దుర్లు ఉన్నాయా. ఇవి చెప్పగలిగితే సగం పని అయినట్టే. ఇంతకుముందు వాడిన మందుల పెట్టెలు కూడా తీసుకెళ్లాలి. చర్మం గీకి చూడటం, అంటుడు టేపుతో నమూనా తీయడం, చెవి మడ్డిని గాజు పలక మీద పూసి చూడటం, ఇవన్నీ కొద్ది నిమిషాల పరీక్షలు. ప్రభుత్వ పశువైద్యశాలల్లో అడగవచ్చు. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడికి కూడా తీసుకెళ్లవచ్చు.

ఇంట్లో చేయదగ్గ పని కూడా ఉంది. వారానికొకసారి, ఏదో ఒక రోజు నియమంగా పెట్టుకుని, ఐదు నిమిషాలు జంతువును పరిశీలించండి. బొచ్చును వెనక్కి పాయ తీసి చర్మం చూడండి. వేళ్ల సందులు, చంకలు, గజ్జలు, తోక మొదలు చూడండి. చెవి డొప్ప ఎత్తి వాసన చూడండి. ఆరోగ్యమైన చెవికి వాసన ఉండదు. స్నానం తర్వాత బొచ్చు కుదుళ్ల దాకా, వేళ్ల సందుల దాకా ఆరబెట్టండి. మందుల షాంపూ అయితే నురగ పట్టించి 10 నిమిషాలు ఉంచి కడగండి. వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు. పిడుదులకు, ఫ్లీలకు నెలనెలా వేసే మందు ఉంటే తారీఖు క్యాలెండరులో రాసుకోండి.

కుక్కకూ పిల్లికీ నోరు లేదు. గోకడం, నాకడం, తల విదిలించడం ద్వారానే తమ బాధ చెప్పుకుంటాయి. ఆ బాధకు ఏదో ఒక మందు తేలిగ్గా దొరుకుతుంది. సరైన మందు మాత్రం కారణం తెలిశాకే దొరుకుతుంది. ఈ వారం మీ ఇంటి కుక్క చెవినీ పిల్లి వీపునూ ఒకసారి చూడండి. తేడా కనిపిస్తే షాపు వైపు కాకుండా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ముందు కారణం తెలుసుకోండి. ఆ తర్వాతే మందు వేయండి.